నలభై డిగ్రీలు

పీణ్యా రెండో ఫేజులో మా కొలిమి షెడ్డు.
మీటరు నలభై డిగ్రీలు తక్కువ చూపిస్తుందని
మునియెల్లప్ప ఒక్కడికే తెలుసు.

ఇంజనీరు రిజిస్టరు చేతికిచ్చి
"తెలిసిందంతా రాయవయ్యా" అన్నాడు.
రాశాడు: నూనె ఎన్ని లీటర్లు, తలుపు ఎంతసేపు,
తొడుగులు ఏ మేకుకు తగిలించాలో కూడా.
ఆ నలభై మాత్రం రాయలేదు.

నేను దగ్గరికెళ్తే
కొలిమికి వీపు అడ్డం పెట్టేవాడు.
"మీటరు చూసుకో. చదువుకున్నోడివి కదా."

ఒక నైట్ షిఫ్టులో మీటరునే నమ్మాను.
ఎండుగడ్డి రంగు దగ్గర ఆగాల్సిన గేర్లు
డెబ్భై, వంకాయ రంగుకు తిరిగాయి.
పొద్దున మేనేజరు అరుస్తుంటే
"నేనే పెట్టినా సార్ సెట్టింగు" అన్నాడు ముసలాయన.
ఎందుకన్నాడో నేనడగలేదు.

గేటు బయట బై-టూ కాఫీ.
నా సగం నావైపు జరిపి
బల్ల మీద తడివేలితో నలభై అని రాశాడు,
వెంటనే అరచేత్తో తుడిచేశాడు.
"ఇది కూడా ఇచ్చేస్తే
రేపు నన్నెవరు పిలుస్తారప్పా?"

ఆయన రిటైరై ఏడాది.
కొత్తగా చందన వచ్చింది, డిప్లొమా.
అడిగిందంటే జవాబు దాకా రెప్ప వెయ్యదు.
"అన్నా, ఈ మీటరు సరిగ్గానే చూపిస్తుందా?"

"దానికేం, కంపెనీ మీటరు"
అన్నాన్నేను, పటకారు వెతుక్కుంటూ.
పటకారు నా చేతిలోనే ఉంది.

రాత్రి గొరగుంటెపాళ్య సిగ్నల్లో
బస్సు కదలదు.
చొక్కా వెనక ఇంకా వెచ్చగానే ఉంది.
ఇంతసేపూ కొలిమికి
ఎటు తిరిగి నిలబడ్డాను?