వేణ్ణీళ్ళు

ఆ ఏడు చాకోలో వాన పడలేదు.
బావి తోడితే ఉప్పు.
రేకుల కప్పు మీంచి తొట్టిలోకి దిగిన పాత వాననే
చెంబులతో లెక్కపెట్టుకుని తాగుతున్నాం.
అయినా కాళ్ళు కడిగే ఆదివారం ఆగదు కదా.
మనిషికి అర చెంబు, అన్నాడు పరిచారకుడు.
అర చెంబంటే ఎంతో
తలుపు దాకా నీళ్ళు మోసే నాకు తెలుసు.

మా సంఘంలో తగువు చక్రాల గురించి.
నవ్వకండి.
ట్రాక్టరుకి ఇనుప చక్రమే ఉండాలంటాడు కొర్నేలియుస్ ఉన్‌రూ.
రబ్బరు చక్రం తారురోడ్డు ఎక్కుతుంది,
రోడ్డెక్కినవాడికి పట్నం రుచి తెలుస్తుంది,
ఆ తర్వాత ఆదివారాలు ఒక్కొక్కటే రాలిపోతాయి, అంటాడు.
ఇస్‌బ్రాంట్ డ్యూక్ ఊరుకోడు.
నా భార్య పురిటినొప్పులతో ఇనుప చక్రాల మీద
ముప్ఫై కిలోమీటర్లు అదిరింది,
ఆ అదురుకి ఏ వాక్యం ఆధారమో చూపించమనండి, అంటాడు.
ఇద్దరి చేతుల్లోనూ బైబిలుంది.
ఒకే అచ్చు, ఒకే నల్ల అట్ట.
వేళ్ళకి నలిగి మెత్తబడ్డ పుటలే వేరు.

పదకొండేళ్ళు.
ఒకే బల్ల మీద ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు.
కీర్తన చివర ఒకరు సాగదీస్తే ఒకరు తుంచేవారు.
ఒకరింట చావు జరిగితే రెండోవారు గుంట తవ్వడానికొచ్చేవారు,
తవ్వి, పలుగు దులుపుకుని, మాట్లాడకుండా పోయేవారు.
విడిపోదామన్నవాళ్ళూ ఉన్నారు.
మా తాతలు అలా విడిపోయి, విడిపోయి,
గోధుమ నేలలు వదిలి, మంచు నేలలు వదిలి,
ఈ ముళ్ళ అడవి దాకా వచ్చారు.
ఇంకా విడిపోవడానికి భూమెక్కడుంది?

నన్నెవరూ అడగలేదు.
ఆడవాళ్ళకి ఓటు లేదు, తొట్టి తాళం మాత్రం మా దగ్గరే.
చక్రాల మీద నాకూ ఒక అభిప్రాయముంది.
చెంబుతో పాటు దాన్నీ మోస్తున్నాను.

ఆ ఆదివారం వరస తప్పింది.
మధ్యలో కూర్చునే ముసలి టోబియస్ జ్వరమని రాలేదు.
కొర్నేలియుస్ తువ్వాలు నడుముకి చుట్టుకుని తలెత్తేసరికి
ఎదురుగా ఇస్‌బ్రాంట్.
గదిలో దగ్గు కూడా ఆగిపోయింది.
ఉత్తరపు గాలి ఒక రేకుని ఎత్తి, మళ్ళీ దింపింది.

డెబ్బై ఏళ్ళ మోకాళ్ళు,
ఒకటి ముందు, చాలాసేపటికి ఇంకొకటి, నేలకి ఆనాయి.
బూటు లాగాడు. మేజోడు ఒలిచాడు.
బొటనవేలి కీలు ఎర్రగా వాచి ఉంది.
పళ్ళెంలో చెయ్యి పెట్టి, తీసి,
తలుపు వైపు చూశాడు:

"అగనేతా, ఇవి చన్నీళ్ళు.
ఇతనికి కీళ్ళవాతం. చన్నీళ్ళు పడవు."

పదకొండేళ్ళుగా పలకరించని మనిషి
ఆ వేలి సంగతి ఎవరినడిగి తెలుసుకున్నాడో!

పరిగెత్తాను.
కాఫీకని కాగుతున్న కెటిల్ తెచ్చి
పరిచారకుడు చూస్తుండగానే, కొలత మీరి, వంచాను.
ఆవిరి ఇద్దరి మొహాలకీ కొట్టింది.
కొర్నేలియుస్ వేళ్ళ సందులు కూడా వదలకుండా తుడిచాడు,
బిడ్డని తుడిచినట్టు కాదు,
మళ్ళీ పనికొచ్చే పనిముట్టుని తుడిచినట్టు.
లేచాక సమాధానపు ముద్దు పెట్టుకోవాలి, మా ఆచారం.
గడ్డాలు తగిలీ తగలనట్టు తగిలాయి.

ఆ తర్వాత ఏమైందని అడుగుతారు.
మంగళవారం సభలో మళ్ళీ అదే తగువు.
ఇస్‌బ్రాంట్ బల్ల గుద్దాడు, కొర్నేలియుస్ అంతకంటే గట్టిగా గుద్దాడు.
చక్రం ఏదీ మారలేదు.
ఇదివరకు "కొందరు సహోదరులు" అనుకునేవారు,
ఇప్పుడు "నువ్వు" అంటున్నారు.
నాకైతే అది చాలా పెద్ద మాటగా వినిపించింది.
మా అమ్మకి అలా వినిపించలేదట.

పళ్ళెంలో నీళ్ళు పారబొయ్యలేదు, కరువు కదా.
వాటితోనే గది కడిగాను.
నా అభిప్రాయం ఇంకా నా దగ్గరే ఉంది.
ఎవరైనా అడిగేదాకా
వేడి తగ్గకుండా చూసుకుంటున్నాను.
తొట్టి తాళం కూడా.