మోకాలి నొప్పి

గది ఖాళీ చెయ్యమని యూనివర్సిటీ ఉత్తరం రాశాక
మార్గో డెలహంటీ నన్ను పిలిచింది.
"ముందు బలం ఉన్నవాళ్ళు కావాలి. తెలివి సంగతి తర్వాత చూద్దాం."

నలభై ఒక్క ఏళ్ళు.
చెప్పుల పెట్టెల నిండా కార్డులు.
నీలం సిరా విదేశాంగ ప్రతినిధి మాటకి,
ఎర్ర సిరా సైన్యం పత్రికకి,
పెన్సిలు, ఎవరూ అననిదానికి.
పెన్సిలు పెట్టెలే ఎక్కువ.

"చూస్తూ ఊరుకోం" అని బీజింగ్ ఏ ఏడు ఎన్నిసార్లు అందో
"ముందే చెప్పలేదనొద్దు" అని ఎప్పుడెప్పుడందో
ఆమెకి నోటిమీద ఉండేది.
నిన్నటి ప్రకటనలోంచి ఒక విశేషణం జారిపోతే
ఆ రాత్రి ఇంటికి వెళ్ళేది కాదు.
అంత్యక్రియల ఫొటోలో ఎడమనించి నాలుగోవాడు
ఐదోవాడైతే
ఎక్కడో ఒక ఓడరేవు చేతులు మారిందనేది.
మారేది కూడా, చాలాసార్లు.

గోడకి ఒక్కటే పటం. డిగ్రీ కాదు.
ఆ మే నెలలో తను రాసిన వ్యాసం మొదటి పేజీ.
సైన్యం నగరంలోకి రాదు, కారణాలు ఆరు.
ఆరూ మంచి కారణాలే.
మిగతా జీవితమంతా
దాని కింద కూర్చునే రాసింది.

కాన్‌బెర్రాలో కమిటీ ముందు ఒక సెనేటరు
గడియారం చూసుకుంటూ అడిగాడు:
"ఒక్క ముక్కలో చెప్పండి డాక్టర్, యుద్ధం వస్తుందా రాదా?"
మంచినీళ్ళు తాగి గ్లాసు దించి
"నా దగ్గర ముక్కలు పదకొండు వేలున్నాయి" అంది.
నిపుణురాలు జవాబు దాటేసిందని
మర్నాడు పేపర్లో.

చూ వెన్‌హాన్ షాంఘై నించి రెండేళ్ళకోసారి వచ్చేవాడు.
తెచ్చిన కాయితం తెచ్చినట్టే
కామాలతో సహా సభలో చదివేవాడు.
మధ్యాహ్నం ఇద్దరూ సరస్సు చుట్టూ నడిచేవాళ్ళు,
తిరిగొచ్చేసరికి బూట్లనిండా బురద.
ఆ తర్వాత మన కార్యాలయం వాళ్ళు
మర్యాదగానే, టీ పోసి:
"ఏమన్నాడు?"
"మోకాలు నొప్పన్నాడు."
"ఇంకా?"
"ఎడమది."

అక్కడ అతనికీ ఎవరో టీ పోసే ఉంటారు.
ఈ ఊళ్ళో వసంతం వస్తే
మాగ్‌పై పిట్టలు సైకిలువాళ్ళ నెత్తిన పొడుస్తాయట,
ఆవిడ అదే చెప్పింది, అని ఉంటాడు.

ఆ నడకలకి కార్డు లేదు.
నీలం లేదు, ఎరుపు లేదు, పెన్సిలైనా లేదు.
పెట్టెలన్నీ దులిపి మరీ వెతికాను.
అది నా సిగ్గు.

మూడేళ్ళ కిందట వాళ్ళ పత్రిక అట్ట లోపల
సంపాదకవర్గం ఇరవైమూడు పేర్లు
ఇరవైరెండయ్యాయి.
ఇంకెవరి పేరు జారినా పన్నెండు పేజీలు రాసే మనిషి
కళ్ళద్దాలు తుడుచుకుని
"అచ్చుతప్పు" అంది.
ఆమె నేర్పిన పద్ధతితోనే నేను జీతం తింటున్నాను.
ఆ పద్ధతి ప్రకారం అది అచ్చుతప్పు కాదు.
నేనూ తలూపాను.

లైబ్రరీ పెట్టెలు వద్దంది.
అన్నవన్నీ కంప్యూటర్లో ఉన్నాయట.
అననివి ఎక్కడున్నాయని నేను అడగలేదు.
మా గరాజ్‌లో, పిల్లల సైకిళ్ళ పక్కన పేర్చాను.

ఇప్పుడామె నర్సింగ్ హోంలో, కిటికీ మంచం.
చెయ్యి వణుకుతుంది, గొంతు వణకదు.
మూడు నెలలకోసారి ఫోను.
"సంచిక వచ్చిందా?"
"వచ్చింది."
"లోపలి సరుకొద్దు. పేర్లు చదువు."
చదువుతాను, పలుకు చెడకుండా, ఒకే వేగంతో.
పదహారో పేరు అయ్యాక
పదిహేడో పేరు.

"నువ్వు ఆగావు" అంటుంది.
"అచ్చుతప్పు" అంటాను.