ఒక పూట రేవు

తాసిల్దారు ఆఫీసోళ్ళు ముందురోజే వొచ్చి సెప్పినారు:
రేపు తెల్లారేసరికి తీరం మీద
ఒక్క సేప అగుపించకూడదు.
పెద్ద ఓడ వొస్తాది.
పురాతనమైన రేవు పట్నం సూడ్డానికి
దొరలూ దొరసానులూ దిగుతారు.
వాసన రాకూడదు.

కళింగపట్నంలో వాసన రాకూడదంట!
కారి ఎల్లమ్మప్ప నవ్వి నవ్వి
తట్ట మీద కూలబడిపోయింది.

అయినా ఎత్తినాం.
నెత్తళ్ళు, కానాగంతలు, సావళ్ళు,
సగం ఎండినవి సగం ఎండినట్టే
పట్టాలతో సహా ఈడ్సుకెళ్ళి
సరుగుడు తోట ఎనకాల పరిసినాం.
మా ఇసకని ఎవరో వొచ్చి ఊడిసినారు.
లైటుహౌసు కాడ టెంటేసి
కుర్సీలకి తెల్ల గుడ్డలు తొడిగినారు.
తోట దాటి రావొద్దన్నారు మమ్మల్ని.

ఓడ అగుపించింది గానీ దగ్గిరికి రానేదు.
రేవు పట్నానికి రేవు నేదు కదా.
వంశధార నోటి నిండా ఇసక మేట.
అంతస్తుల మీద అంతస్తుల తెల్లమేడ
దూరంగా నీళ్ళ మీద నిలబడిపోయి
మా ఫైబరు పడవల్ని పిలిసింది.
మా సూరాడ దానయ్య
ఇరవై మందినీ ఇరవై టోపీల్నీ మోసుకొచ్చినాడు
వలలు మొయ్యాల్సిన పడవలో.

దిగీదిగగానే ఒకాయన అడిగినాడంట,
గైడుబాబు తెలుగు సేసి సెప్పినాడు:
పోర్టు ఎక్కడ?
దానయ్య ఆయన కాళ్ళకింద సూపించినాడు.
ఆయన ఒక కాలెత్తి సూసుకున్నాడు,
తరవాత రెండోది.

ఇక్కణ్ణించే సింహళం ఎళ్ళేవంట ఓడలు,
జావా కూడా ఎళ్ళేవంట.
మైకులో గైడుబాబు సెప్తంటే
తోటలోకి ఇనిపించింది.
నానెరిగి ఇక్కణ్ణించి ఎళ్ళినోడు మా మరిది.
ఆమదాలవలసలో రైలెక్కి ఏరావలెళ్ళినాడు,
అక్కడి సేటు బోటు మీదకి.
అది మైకులో సెప్పనేదు.

అందర్నీ బస్సులెక్కించి
శాలిహుండం కొండ మీది ఇటికలు సూపించడానికి తీసుకుపోనారు.
ఒకావిడ ఉండిపోయింది. సీలమండకి కట్టు.
డెబ్బై దాటుంటాయి. ఎండకి మొహం
ఉడికిన రొయ్యనాగ అయిపోయింది.
కర్ర పొడుసుకుంటూ తోటలోకి వొచ్చీసింది.

ముక్కు మూసుకుంటాదనుకున్నాం.
ముక్కు ఎంటే వొచ్చినట్టుంది.

కర్ర పక్కనెట్టింది. కూకోడం రాక
మోకాళ్ళ మీద వొంగింది.
ఒక సావడాయిని తోక పట్టి లేపి,
కింద తడి సూసి, తిరగేసింది.
పక్కది తిరగేసింది. ఆ పక్కది.
నేర్పని పని కాదది,
ఏళ్ళకి ముందే తెలుసు.
బొటనేలి మొదట్లో తెల్లటి కత్తిగాటు.
నాకూ అక్కడే.

ఏ ఊరని అడగడానికి నాకాడ మాట నేదు.
ఆవిడ ఏదో అంది. నానూ ఏదో అన్నాను.
రెండూ వాన గురించే అయ్యుంటాయి,
తూరుపున మబ్బట్టింది.

ఏలు నాలిక మీదెట్టుకుని మొహం అదోలా ఎట్టింది.
ఉప్పు తక్కువంట!
నిజమే. నౌపడ బస్తా రేటు పెరిగిపోయింది,
ఈసారి పిసినారితనం సేసినాం.
అంత దూరం నించి వొచ్చి
ఎల్లమ్మప్ప తప్పు పట్టుకుంది సూడు.

మూడయ్యేసరికి ఓడ కూసింది.
ఎల్లమ్మప్ప సబ్బుముక్క ఇవ్వబోతే
వొద్దని తలూపింది.
పడవలో పొడుగూతా
సెయ్యి ముక్కు కాడెట్టుకునే కూకుందని
తరవాత దానయ్య సెప్పినాడు.

ఇన్నాళ్ళకి మన రేవులో సరుకు ఓడెక్కిందే,
పన్ను గూడా కట్టకుండా!
అని ఎల్లమ్మప్ప మళ్ళీ తట్ట మీద కూలబడింది.

సందేళకి టెంటు ఇప్పీసినారు.
కుర్సీలు లారీ ఎక్కినాయి.
మావు పట్టాలు ఈడ్సుకొచ్చి
ఎప్పటి సోట్లో ఎప్పటిలాగ పరిసినాం.
ఆవిడ తిరగేసిన వరస మటుకు
కలపకుండా ఏరేగా ఉంచినాను.
ఎందుకో నాకే తెలవదు.

గార సంతలో అదే ముందు అమ్ముడైపోయింది.