ఏడో పేరు

చీమకుర్తిలో మా రేటు అక్షరానికి ఇరవై.
కొమ్మైనా దీర్ఘమైనా అందులోనే కలిసిపోద్ది.
చుక్కలకు డబ్బులు తీసుకోను.

ఉప్పలదిన్నె సర్పంచి కాగితం తెచ్చాడు:
మొదటి యుద్ధానికి ఓడెక్కి పోయి
తిరిగి రానివాళ్ళు ఏడుగురు.
బస్సాగే చోట దిమ్మె కట్టారంట,
పునాది రెండడుగులు చాలన్నారంట,
కింద పూడ్చేదేం లేదుగా.

ఆరుగురికి ఇంటిపేర్లున్నాయి, తండ్రి పేర్లున్నాయి,
ఒకాయనకు హవల్దారు హోదా కూడా ఉంది.
ఏడో వరసలో
మస్తాన్, కూలీ, 4127.

అంకెలకూ అక్షరం రేటేనా, అన్నాడు సర్పంచి.
అవునన్నా.
అయితే నంబరొద్దులే, అన్నాడు.

అక్కడ బస్రాలో పేరు పోయి నంబరు మిగిలిందంట.
ఇక్కడ ఎనభై రూపాయలకు నంబరూ పోయింది.

ఈ రాయి మామూలుగా మా దగ్గర నిలవదు.
లోపల వెండి రవ్వలు మెరుస్తుంటే
లారీ ఎక్కి కృష్ణపట్నం పోద్ది,
అక్కణ్ణించి ఓడ.
ఏ దేశంలోనో ఎవరి తలదగ్గరో నిలబడతది.
కొలతలు రాసి పంపుతారు,
దారిలో పగిలితే బీమా ఉంది.
మస్తానుకు నెలకు పదిహేను రూపాయలన్నారంట,
ఆ ఏడు బావి ఎండింది.

పొదిలి బస్సు దిగి ఖాసింబీ వచ్చింది,
ఆయన మనవరాలు, ఎనభై ఏళ్ళుంటాయి.
రాళ్ళపొడిలోనే చతికిలబడి చెప్పింది:

"యుద్ధం అయినాక కంచు బిళ్ళ ఒకటి పంపారు నాయనా,
ఇంత వెడల్పుది, ఆయన పేరు ఉబ్బెత్తుగా ఉండేదంట.
మా జేజి దాన్ని పాలకుండ మీద మూత పెట్టుకుంది.
రోజూ చింతపండేసి తోమేది.
తోమి తోమి
పేరు ఆమే చెరిపేసింది."

చెప్పి నవ్వింది. నేను నవ్వొచ్చో లేదో తెలియలేదు.

"దూదేకుల అని ముందు పెట్టు.
ఉత్త మస్తానంటే
మా వైపు ఇంటికొకడు."

నాలుగక్షరాలు.
కొంగుముడి విప్పి ఎనభై లెక్కపెట్టింది,
అన్నీ పది కాగితాలు, ఒకటి చిరిగింది.
తీసుకున్నాను.
తీసుకోకపోతే ఆ పేరు
ఆమె పెట్టించింది కాకుండా పోద్ది.

చెక్కే ముందు మార్కాపురం పలక మీద
బలపంతో రాసి చూపిస్తాను అందరికీ.
తప్పుంటే పలక మీద ఉమ్మితో పోద్ది,
నల్లరాయి తప్పు మింగదు.
ఆమెకు చదువు రాదు.
వేలు పెట్టి తడిమింది, దూ సగం చెరిగింది.
ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.
ఏం కాదు జేజీ, మళ్ళీ రాస్తాన్నే, అన్నాను.

రాయి నిలబెట్టిన రోజు మండుటెండ.
ఎమ్మెల్యే రాలేదు. పిల్లలకు బిస్కెట్లు పంచారు.
హవల్దారు తాలూకు వాళ్ళు దండ తెచ్చి
తమ వరస మీద మాత్రం వచ్చేట్టు సర్దుకున్నారు.
అందరూ నీడకు పోయినాక ఆమె అడిగింది:
"ఏది ఆయనది?"
వేలు పట్టుకుని ఏడో వరస మీద ఉంచాను.
రాయి కాలి చెయ్యి లాక్కుంది,
మళ్ళీ తనే పెట్టింది.
దూ నించి న్ దాకా పోయి ఆగింది.

"ఇంతేనా?"

ఇంతే జేజీ.

"బిళ్ళ మీద ఇంకా పెద్దదిగా ఉండేదంట,"
అని బస్సొస్తుంటే లేచింది.

సందేళ కార్ఖానాకొచ్చి కొత్త ఆర్డరు విప్పాను.
ఏ దేశమో, ఆడో మగో,
అక్షరాలు కూడా ఎరగను,
వంపు చూసి వంపు కొట్టడమే.
4127ను ఎవడో అక్కడ
ఇట్టాగే చూసి కొట్టుంటాడు,
మధ్యలో ఆగి చెమట తుడుచుకుని,
రెండుకీ ఏడుకీ నడుమ
ఎంత సందు వదలాలో
దారమేసి కొలుచుకుని.