రెండో గడి

సియోల్‌లో ఆ ఆఫీసు మూడో కిటికీ దగ్గర
సున్-నే నిలబడటం ఇది ఎనిమిదోసారి.
ఫారంలో ఉన్నవి రెండే గడులు:
యుద్ధంలో మరణించెను.
తిరిగి వచ్చెను.

నాన్న రెండూ కాదు.
తుపాకులు ఆగాక కూడా ముప్పై నాలుగేళ్లు
అవతలి వైపు బొగ్గు తవ్వాడు.
ఉతికిన చేతిగుడ్డలో నల్లగా దగ్గేవాడు.

"బందీల జాబితాలో ఆ పేరు లేదమ్మా."
గుమాస్తా కుర్రాడు, మంచివాడే,
చూపు మాత్రం స్టాంపు మీదే.

పేరా?
ఆ ఊళ్లో ఆయన్ని పేరుతో పిలిచిందెవరు?
నిద్రలో తనే పలికేవాడు
ఏడంకెల సైనిక సంఖ్య,
పడుకునే అటెన్షన్‌లో, మడమలు కలిపి.
మేం పిల్లలం, అది లెక్కల పాఠం అనుకునేవాళ్లం.

ఆ అంకెలు రాసిచ్చింది.
"సాక్ష్యం?"

ఇన్నాళ్లూ విప్పని కుట్టు
కోటు లోపలి జేబుది, పళ్లతో తెంపింది.
తూమెన్ నది మంచు మీద
రొమ్ముకి ఆనించి దాటించిన మూట.
అగ్గిపెట్టెంత.
నాన్న చూపుడువేలి ఎముక.

రెండో గడిలో టిక్కు పెట్టి
వచ్చిన తేదీ అన్నచోట
ఇవాళ్టి తేదీ వేసింది.

కుర్రాడు లేచి నిలబడ్డాడు.
వెనక వరుసలో ఎవరో
"కాస్త త్వరగా కానివ్వండి" అన్నారు.