ఏడొకటి, ఎనిమిదొకటి

ఇరవై ఆరేళ్ళు బస్సులో నిలబడ్డ కాళ్ళివి.
డిపో ఇచ్చిన నల్లబూట్లలో
మడమలు పగిలి, వేళ్ళు ఒకదానిమీదొకటెక్కి
రద్దీలో ప్రయాణికుల్లా సర్దుకున్నాయి.
రిటైరయ్యాక వీటికి కూర్చునే పని దొరికింది:
దుర్గం చెరువులో, ఆదివారాలు, కయాక్‌లో.

కార్తీకం దాకా ఏ చెప్పులైనా సరిపోయాయి.
పుష్యమాసం పొద్దున ఆరింటికి
తీగల వంతెన దీపాలింకా ఆరకముందే
నీళ్ళలో పెట్టిన పాదం
నాది కాదన్నట్టు ఊరుకుంది.
గిల్లి చూశాను. ఎవరినో గిల్లినట్టుంది.

మొదట రాణీగంజ్ వెళ్ళి గమ్‌బూట్లు కొన్నాను,
మోకాళ్ళ దాకా, పచ్చగా, ధీమాగా.
ఫిర్దౌస్ చూసి నవ్వింది. మాకు నేర్పే పిల్ల,
నా చిన్నకూతురి వయసు.
"పడవ తిరగబడితే ఇవి నిండుతయి ఆంటీ.
రెండు బిందెలు కాళ్ళకి కట్టుకొని ఈదుతరా?"

తర్వాత మనవడి కాన్వాసు బూట్లు.
మూడు రోజులు బాల్కనీలో నీళ్ళు కారుస్తూ ఏడ్చాయి.
ఆ పైన పట్టీల శాండిల్స్: నీళ్ళు వస్తాయి, పోతాయి,
వాటితో పాటు గాలీ వచ్చి
గోళ్ళ కింద సూదులు గుచ్చి పోతుంది.
ఒక పట్టీ పడవలో కాలు ఆనించే మెట్టుకి తగులుకుంది.
బోల్తా పడితే నన్ను బయటికి రానిచ్చేది కాదట.

"నియోప్రీన్‌వి తీస్కోండి" అని ధర చెప్పింది.
ఆ డబ్బుతో తొంభైల్లో
అడిక్‌మెట్‌లో ఆర్నెల్లు అద్దె కట్టినదాన్ని.

అందుకే గురువారం, జుమ్మెరాత్ బజారు.
చెవులు పోయిన తాళాలు, మూత లేని కుక్కరు,
ఎవరి పెళ్ళిదో ఆల్బం,
దుప్పటి మీద వాటి మధ్య అవి
నల్లగా, మెత్తగా, చీలమండ దాటి, పక్కన జిప్పుతో,
అడుగున జారని రబ్బరు గీతలతో.
ఎడమది ఏడు. కుడిది ఎనిమిది.
"రెండు కాళ్ళు ఒక్కతీర్గ ఎవరికుంటయమ్మా"
అంటూనే నాలుగొందల నుంచి నూట ఎనభైకి దిగాడు.
అక్కడే నేల మీద కూచుని కాళ్ళు చాపి
లేని పడవను మడమలతో తన్ని చూశాను.
ఉన్ని మేజోళ్ళు వేసుకున్నా వేళ్ళాడాలి,
బిగిస్తే నెత్తురాగి చలి రెట్టింపవుతుందని ఫిర్దౌస్ పాఠం.
కుడికాలికి చోటు మిగిలింది.
ఎడమకాలు సర్దుకుంది. దానికి అలవాటే.

ఈ ఆదివారం దిగాను.
జిప్పు సందులోంచి చన్నీళ్ళు తోసుకొచ్చాయి
కోఠి స్టాపులో జనంలా.
ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దు,
లోపలికి జరగండి, జరగండి.
జరిగాయి.
వంద లెక్కపెట్టేలోగా
ఒంట్లో వేడి టికెట్లు కొట్టి
అందరినీ కూర్చోబెట్టింది.

ఒడ్డువార గుర్రపుడెక్క.
ఈ చెరువు చలికాలానికేం తొడుక్కుందో చూడండి,
లక్ష డెక్కలు! ఒక్క అడుగు వేసింది లేదు.
నడుంలోతులో నిలబడి సాయిలు వాటిని కోస్తున్నాడు,
లుంగీ ఎగ్గట్టి, ఉట్టి కాళ్ళతో.
"ఏం బూట్లక్కా అవి? ఎంత?"
నూట ఎనభై అని నోటిదాకా వచ్చింది.
"పాతవే" అన్నాను.
"కింద సీసపెంకులుంటయి" అంటూ
బురదలోంచి కాలెత్తి చూపించాడు,
ఏదో సరుకు చూపించినట్టు.
తెల్లగా నానిన పాదం. బొటనవేలికి గుడ్డపీలిక.

నిలబడ్డ తీరు చూసి దిగే స్టాపు చెప్పే కన్ను నాది.
తొమ్మిదో నంబరు.

చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక రాసిచ్చేదాన్ని,
దిగేముందు అడిగి తీసుకోమని.
కొందరు మరిచి దిగిపోయేవాళ్ళు.
నేనూ గుర్తుచేసేదాన్ని కాదు, కొన్నిసార్లు.

ఒడ్డుకొచ్చి, తడిచేత్తో
పార్కింగ్ చీటీ వెనక రాసుకున్నాను:
సాయిలు. తొమ్మిది. రెండూ.