పది అక్షరాలు

వస్త్రలతలో మా అక్క పనిచేసే కొట్టుకి
పది అక్షరాల గుట్టు ఒకటుంది.
అసలు ధర కొనేవాళ్లకి తెలియకూడదు కదా,
అందుకని చీర మడతలో చిన్న చీటీ మీద
అంకెలకు బదులు అక్షరాలు రాస్తారు.
ఓనరు గారి తాత కట్టిన మాటట:
గుట్టు నీలో దాచి కూర్చోవమ్మ.
గు ఒకటి, ట్టు రెండు, నీ మూడు...
అలా వేళ్లు ముడుచుకుంటూ పోతే
చివరి మ్మ సున్నా.

అక్క అది నాకు చెప్పకూడదు.
చెప్పింది.
కరెంటు పోయిన రాత్రి, చిట్టినగర్ ఇంటి మెట్ల మీద,
పిక్కలకి నూనె రాయించుకుంటూ.
చిక్కుపడ్డ ఊదారంగు దారాల్లా
నరాలు నా వేళ్లకి తగులుతున్నాయి.
"లో ర్చో మ్మ అంటే ఎంతరా?"
"నాలుగొందల ఎనభై."
"తెనాలావిడకి పదకొండొందల యాభైకిచ్చా.
బేరమాడి గెలిచానని ఎంత మురిసిందో పాపం!"
నవ్వుకి ఆమె కాలు నా చేతిలో కదిలింది.

నేను ఫ్యాషన్, రిటైల్ చదువుతున్నాను.
పొద్దున్నే ఏడుంపావు బస్సు, వారధి మీదుగా;
కింద నీళ్లుంటే నీళ్లు, లేకపోతే ఇసుక.
క్లాసులో నలభై మందిమి, మగపిల్లలం ఆరుగురం.
మొదటి రోజు గుడ్డముక్కలు చేతికిచ్చి
కళ్లు మూసుకుని పేరు చెప్పమన్నారు.
ఇది మంగళగిరి, ఇది చీరాల,
ఇది సూరత్‌లో పుట్టి ఇక్కడికొచ్చి
మంగళగిరినని చెప్పుకునేది.
ఎక్కడ నేర్చుకున్నావయ్యా అన్నారు.
అక్క తెచ్చే కత్తిరింపు ముక్కలే కదా
మా ఇంటి మసిగుడ్డలు, దిండు గలీబులు,
ఆరో తరగతి దాకా నా చొక్కాలు.

గిరాకీ లోపలికి రాగానే కుడివైపు తిరుగుతుందని
పుస్తకంలో ఉంది.
అక్కనడిగితే "ఏసీ ఎటుంటే అటు" అంది.

మూడో సెమిస్టరులో కొట్టు ప్లాను గీయమన్నారు,
కొలతలతో సహా.
గీశాను. గుమ్మం, గాజు బొమ్మలు, అరలు, అద్దాలు,
గిరాకీ కూర్చునే మెత్తటి కుర్చీలు, మంచినీళ్ల బల్ల.
అన్నీ అయ్యాక కౌంటరు వెనక
అడుగు వెడల్పున ఒక గుండ్రం.

"ఇదేంటి?" అన్నారు హిమజ మేడం.
"స్టూలండి."
"ఎవరికి?"
"అమ్మే మనిషికి."

చెడ్డావిడ కాదు. నాకోసమే కాలిక్యులేటరు తీశారు.
చదరపు అడుక్కి ఏడాదికి ఇంత అమ్మకం,
అందులో ఇంత మార్జిన్.
"చూడు, నీ స్టూలు ఊరికే కూర్చుని
ఏడాదికి ముప్ఫై వేలు తింటోంది."
పొద్దున పది నించి రాత్రి తొమ్మిది దాకా
ఊరికే నిలబడే కాళ్లు ఏం తింటాయో
ఆ కాలిక్యులేటరులో మీట లేదు.
నేనూ ఏమీ అనలేదు. రబ్బరు కూడా తీయలేదు.

"సరే, నంబరన్నా వెయ్యి. ప్రతి వస్తువుకీ నంబరుండాలి."
వేశాను: 7890.
"నలభై ఆరు తర్వాత నలభై ఏడు కదా?"
"ఇది వేరే వరస మేడం."

ఆదివారం అక్క ఆ కాగితం మంచం మీద పరిచింది.
"ఇక్కడ అద్దం పెట్టకు, సాయంత్రం ఎండ కళ్లలో కొడుద్ది.
పట్టు అంత పైన పెడితే దించేదెవరు, నువ్వా?"
వేలు ఒక్కొక్క గీతనీ దాటుకుంటూ వచ్చి
కౌంటరు వెనక ఆగింది.
పెదవులు కదిలాయి, చీటీ చదివే అలవాటున.
కూ... ర్చో...

మిగతా రెండూ బయటికి రాలేదు.
చాలాసేపు కాగితం వైపే చూసి,
పక్కింటి కుక్కర్ మూడో కూత వేశాక, అడిగింది:
"ఎన్నొచ్చాయిరా?"
"గు ర్చో."
"ఇరవైకా?"
"ఇరవైకే."
"మరి ట్టు ఎటు పోయింది?"

"అది స్టూలు అసలు ధర, అక్కా.
పైన లాభం వేసుకోలేదు."